అందుకున్నట్టే అందుకుని ఆగిపోయే ఇంజను

ప్రశ్న: మాది తాడిపత్రి. నా దగ్గర 2013 మోడల్ పెట్రోలు కారు ఉంది. ఇప్పటికి 94 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజను వెంటనే అందుకుంటుంది గానీ, మూడు నాలుగు సెకన్లు తిరిగి, వణికి, ఆగిపోతుంది. ఆక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా ఆనించి ఉంచితే ఆగదు. ఒకటి రెండు నిమిషాలయ్యాక కాలు తీసినా నడుస్తుంది. అనంతపురం వెళ్ళివచ్చే దారిలో ఎంత వేగంగా పోయినా ఇబ్బంది లేదు. ఊళ్ళోకి వచ్చాక ఏసీ వేసుకుని బండి నిలిపితే మాత్రం అప్పుడప్పుడూ ఆగిపోతోంది. మొదట బ్యాటరీ పాతదైందని కొత్తది వేశారు. అప్పటినుంచి బాధ తగ్గకపోగా పెరిగింది. తరువాత స్పార్క్ ప్లగ్గులు మార్చారు. ఇప్పుడు ట్యాంకులోని ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నారు. మీటరులో ఇంజను దీపం వెలగడం లేదు. పంపు మార్పించమంటారా?

జవాబు: పంపు ఇప్పుడే మార్పించవద్దు. మీ ఉత్తరంలో మీరే రాసిన రెండు సంగతులు ఆ పంపు తప్పు లేదని దాదాపుగా చెబుతున్నాయి. మూడో సంగతి అసలు లోపం ఎక్కడుందో కూడా చూపిస్తోంది. ఆ మూడింటినీ వరుసగా విప్పి చెబుతాను. ఆ తరువాత మీరు మీ ఇంటి ముందే చేసుకోగల పరీక్షలు ఏవో, మెకానిక్ చేత చేయించవలసినవి ఏవో రాస్తాను.

ముందుగా ఒక మాట. స్టార్టు కాని ఇంజను వేరు, స్టార్టయి ఆగిపోయే ఇంజను వేరు. సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంటోందంటే బ్యాటరీకి తిప్పే బలం ఉన్నట్టు, సెల్ఫ్ మోటారు పనిచేస్తున్నట్టు, ప్లగ్గుల దగ్గర నిప్పు పడుతున్నట్టు, కనీసం ఆ మూడు సెకన్లకు సరిపడా పెట్రోలు అందుతున్నట్టు లెక్క. కాబట్టి ఇంజనును తిప్పడానికీ వెలిగించడానికీ కావలసిన సామానులో లోపం వెతకడం కంటే, వెలిగిన తరువాత అది తనంతట తాను నిలబడడానికి ఏం కావాలో, ఆ కావలసినది ఏ క్షణాన అందకుండా పోతోందో చూడడం మేలు. బ్యాటరీ, ప్లగ్గులు, ఇప్పుడు పంపు అంటూ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయిన మెకానిక్ నిజాయితీపరుడే కావచ్చు. కానీ సామాను మార్చి చూడడం పరీక్ష కాదు. ఆ ఖర్చంతా బండి యజమాని మీద పడుతుంది.

ఇది నేను ఎదుటివారిని తప్పుపట్టడానికి రాస్తున్న మాట కాదు. కొన్నేళ్ళ కిందట కర్నూలులో నా షెడ్డుకు బేతంచెర్ల నుంచి ఒక కారు వచ్చింది. అచ్చం మీ బండికి ఉన్న లక్షణాలే. ఆ రోజు పని తొందరలో పంపు శబ్దం బాగాలేదనిపించి, ప్రెషర్ గేజీ పెట్టి చూడకుండానే కొత్త పంపు వేసి పంపాను. మరునాటి పొద్దున ఆయన ఇంటి ముందు బండి మళ్ళీ అలాగే ఆగిపోయింది. లోపం పంపులో లేదు; ఇంజనులోకి గాలి పోయే తలుపు ఉండే త్రాటిల్ బాడీలో పేరుకున్న మసిలో ఉంది. పంపు డబ్బు తిరిగి ఇచ్చాను గానీ ఆయనకు పోయిన రెండు రోజుల పని తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటినుంచి ఇలాంటి బండి వస్తే ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఆక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే ఆగుతుందా, ఆగదా?

నేను అడగకముందే మీరు దానికి జవాబు రాశారు. కాలు ఆనించి ఉంచితే ఆగదన్నారు. ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు, అంటే ఐడిలింగులో, నిమిషానికి సుమారు 700 నుంచి 850 చుట్లు తిరుగుతుంది. అప్పుడు దానికి కావలసిన పెట్రోలు చాలా తక్కువ. మీరు ఆక్సిలరేటర్ తొక్కి రెండు వేల చుట్లకు తెచ్చినా, అనంతపురం దారిలో ఏసీతో, నలుగురు మనుషులతో బండిని ఎనభైలో పరుగెత్తించినా ఇంజను అంతకు ఎన్నో రెట్లు పెట్రోలు అడుగుతుంది. పంపు నీరసించి ఉంటే ఆ ఎక్కువ అడిగినచోట ముందు తేలిపోతుంది. ఎక్కుడు ఎక్కేటప్పుడు లాగకపోవడం, ముందున్న లారీని దాటబోతే బండి వెనక్కి గుంజినట్టు కావడం, తొక్కినకొద్దీ ఇంజను మూలగడం నీరసించిన పంపు గుర్తులు. ఎక్కువ అడిగినప్పుడు ఇవ్వగలిగిన పంపు తక్కువ అడిగినప్పుడు ఇవ్వలేకపోవడం అరుదు. కాలు ఆనిస్తే నిలబడడం, దారిలో బాగా లాగడం అనే రెండు సంగతులూ కలిసి పంపును పక్కన పెట్టమంటున్నాయి.

మరి ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజనుకు నేరుగా అందేది ఏమిటి? చాలామంది పెట్రోలు అనుకుంటారు. మీ కారులాంటి ఇంజెక్షన్ బండిలో మీ కాలు తెరిచేది గాలి తలుపును. లోపలికి ఎంత గాలి పోయిందో సెన్సర్లు చూసి చెబితే దానికి తగినంత పెట్రోలును కంప్యూటర్ చిమ్మిస్తుంది. కాలు తీసేసినప్పుడు ఆ తలుపు, అంటే త్రాటిల్ బాడీలోని గుండ్రని పలక, దాదాపు మూసుకుంటుంది. అప్పుడు ఇంజను ఊపిరి పీల్చుకునేది వెంట్రుకవాసి సందులోంచి. కొన్ని కార్లలో ఆ పలకనే ఒక చిన్న మోటారు అర డిగ్రీ, డిగ్రీ తెరిచి పట్టుకుంటుంది. ఆక్సిలరేటర్ పెడల్ నుంచి తీగ వచ్చే పాత పద్ధతి కార్లలో పలక పక్కనుంచి ఒక సన్నని దారి, ఆ దారిని తెరిచి మూసే ఐడిల్ వాల్వు ఒకటి ఉంటాయి. మీది ఏ రకమో తెలుసుకోవాలంటే బానెట్ తీసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి వచ్చే లావు గొట్టం ఇంజనుకు తగిలేచోట చూడండి. అక్కడ ఉక్కు తీగ ఒకటి వచ్చి చక్రంలాంటి దాని మీద చుట్టుకుని ఉంటే అది తీగ రకం. తీగ లేకుండా వైరు సాకెట్ మాత్రమే ఉంటే మోటారు రకం.

94 వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో ఆ సందు శుభ్రంగా ఉండదు. ఇంజను లోపల పిస్టన్ల పక్కనుంచి జారే పొగను బయట వదలకుండా తిరిగి గాలి దారిలోకే పంపే ఏర్పాటు ప్రతి కారులోనూ ఉంటుంది. ఆ పొగలో నూనె తడి ఉంటుంది. అది పలక అంచున అంటుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ ఆపలేని సన్నని దుమ్ము ఆ జిడ్డు మీద కూర్చుంటుంది. తాడిపత్రిలో బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల తెల్లని పొడి, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు తిరిగే లారీలు లేపే ధూళి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎర్రగుంట్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు తిరిగే బండ్లలోనూ ఇదే చూస్తుంటాను. కంపెనీ పుస్తకంలో ఎయిర్ ఫిల్టర్ ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలని రాశారో, అదే పుస్తకంలో దుమ్ము ఎక్కువ ఉన్నచోట ఇంకా ముందే మార్చాలని కూడా రాసి ఉంటుంది. మన ప్రాంతానికి వర్తించేది ఆ రెండో మాట.

ఇక మూడో సంగతి. బ్యాటరీ మార్చినప్పటి నుంచి బాధ పెరిగిందని రాశారు. ఇది కాకతాళీయం కాదని నా నమ్మకం. పలక అంచున మసి కొంచెం కొంచెంగా పేరుకుంటున్నకొద్దీ ఇంజను కంప్యూటర్ ఊరుకోదు. ఐడిలింగు పడిపోతోందని గమనించి, పలకను ఇంకొంచెం తెరవడం నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్న లెక్కను తన జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా సర్దుకుంటూ వచ్చింది కాబట్టి మీకు లోపం చాలాకాలం పైకి కనబడలేదు. పాత బ్యాటరీ విప్పి కొత్తది బిగించే ఆ పది నిమిషాల్లో కరెంటు లేక, చాలా కార్లలో ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. మళ్ళీ కరెంటు రాగానే కంప్యూటర్ కొత్త బండికి, శుభ్రమైన పలకకు సరిపోయే మొదటి లెక్కతో మొదలుపెడుతుంది. మసి పట్టిన పలకకు ఆ లెక్క చాలదు. గాలి అందదు. ఇంజను ఆగిపోతుంది. బ్యాటరీ మార్చిన మనిషి తప్పేమీ చేయలేదు. పాత జబ్బును కప్పి ఉంచిన సర్దుబాటు పోయి, జబ్బు పూర్తిగా బయటపడింది, అంతే.

సరిగ్గా మూడు నాలుగు సెకన్లకే ఎందుకు ఆగుతుందో కూడా ఇందులోనే ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడూ, అందుకున్న మొదటి కొద్ది సెకన్లూ కంప్యూటర్ ఇంజనుకు చేయూతనిస్తుంది: గాలిని ఎక్కువ వదులుతుంది, పెట్రోలును చిక్కగా చిమ్మిస్తుంది. తరువాత ఆ చేయూతను క్రమంగా తగ్గిస్తుంది. చేయి వదిలిన క్షణాన మీ ఇంజను తూలిపోతోంది. కాసేపు తిరిగి వేడెక్కాక లోపలి రాపిడి తగ్గి, పెట్రోలు బాగా ఆవిరై, ఉన్న కొద్ది గాలితోనే నెట్టుకురాగలుగుతోంది. ఏసీ వేసినప్పుడు కంప్రెసర్ బరువు మీద పడి మళ్ళీ ఆగుతోంది. మీరు రాసిన లక్షణాల్లో ఈ వివరణకు లొంగనిది నాకు ఒక్కటీ కనబడలేదు.

అయినా నేను బండిని కళ్ళతో చూడలేదు. ఉత్తరం చదివి చేసిన ఊహను పరీక్ష లేకుండా నమ్మితే నేను బేతంచెర్ల కారుకు చేసిన తప్పే మళ్ళీ చేసినట్టవుతుంది. కాబట్టి త్రాటిల్ బాడీ విప్పకముందు రెండు మూడు చూడండి. బండిని ఆరుబయట, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచండి. మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, అది ప్రాణం తీస్తుంది.

మొదటి పరీక్షకు ఒక చిన్న స్కానర్ కావాలి. స్టీరింగు కింద, డ్యాష్‌బోర్డు అడుగున పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి తగిలించి ఫోనులో చూసుకునే బ్లూటూత్ స్కానర్లు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. కొనకపోయినా మెకానిక్ దగ్గరిది ఒక పొద్దున అడిగి తెచ్చుకోవచ్చు. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి, సెల్ఫ్ కొట్టకముందే ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే నీళ్ళ వేడి ఎంత, లోపలికి వచ్చే గాలి వేడి ఎంత అని రెండు అంకెలు చూడండి. రాత్రంతా చల్లారిన ఇంజనులో ఆ రెండూ ఇంచుమించు ఒకటిగా, బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి. పొద్దున ఆరింటికి గాలి 24 డిగ్రీలు చూపిస్తూ కూలెంటు 70 చూపిస్తే ఆ సెన్సర్ అబద్ధమాడుతున్నట్టే. ఇంజను వేడిగా ఉందని నమ్మిన కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తుంది. చల్లని ఇంజను ఆ పలుచని మిశ్రమంతో నిలబడలేదు. ఈ లోపం కూడా మీ పొద్దుటి లక్షణాలకు సరిపోతుంది కాబట్టి దీన్ని ముందే తోసివేయాలి. సెన్సర్ చిన్నది, పంపు ఖర్చుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

అదే స్కానర్‌తో కంప్యూటర్ దాచిన లోపాల కోడ్లు ఉన్నాయేమో కూడా చూడండి. ఇంజను దీపం వెలగలేదంటే లోపం లేదని కాదు. చాలా లోపాలకు కంప్యూటర్ వెంటనే దీపం వెలిగించదు. ఒకటికి రెండుసార్లు చూశాకే వెలిగిస్తుంది; అంతవరకూ లోపల రాసి పెట్టుకుంటుంది. పి0505 అంటే ఐడిలింగు సర్దుబాటు, పి0171 అంటే మిశ్రమం పలుచన, పి0117, పి0118 అంటే కూలెంటు సెన్సర్, పి0335 అంటే ఇంజను తిరగడాన్ని కంప్యూటర్‌కు చెప్పే క్రాంకు సెన్సర్. ఇంకొక మాట: సెల్ఫ్ కొట్టకముందు ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఇంజను దీపం తప్పకుండా వెలగాలి. అప్పుడు కూడా వెలగకపోతే దీపమే పనిచేయడం లేదన్నమాట. మీరు బండిని సెకండ్‌హ్యాండులో కొని ఉంటే ఇది మరీ జాగ్రత్తగా చూడండి.

రెండో పరీక్షకు చెవులు చాలు. ఇంజను నడుస్తుండగా బానెట్ తీసి, త్రాటిల్ బాడీ నుంచి ఇంజను వైపు పోయే రబ్బరు గొట్టాల దగ్గర బుస్సుమనే శబ్దం వస్తుందేమో వినండి. మన ఎండలకు రబ్బరు పదేళ్ళలో ఎండి బీటలు వారుతుంది. తోటల దగ్గర, కళ్ళాల దగ్గర నిలిపే బండ్లకు ఎలుకలు కొరికిన గొట్టాలు, వైర్లు నేను లెక్కలేనన్ని చూశాను. గాలి సెన్సర్ దాటిన తరువాత చిల్లు పడితే అందులోంచి దూరే గాలి కంప్యూటర్ లెక్కకు రాదు. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో మిశ్రమం పలుచబడి ఇంజను ఆగిపోతుంది. ఇంజనుకు గాలిని పంచే గొట్టంలోని (మానిఫోల్డు) పీడనాన్ని చూసి లెక్క కట్టే బండ్లలో ఐడిలింగు పడిపోవడానికి బదులు పెరుగుతుంది. బ్రేకు పెడల్ నొక్కినప్పుడల్లా ఇంజను తడబడితే బ్రేకుకు బలం చేకూర్చే బూస్టర్ గొట్టాన్ని అనుమానించాలి. ఇంజనాయిల్ మూత, ఆయిల్ కొలిచే పుల్ల సరిగా కూర్చున్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. సర్వీసు చేసినవారు మూత వదులుగా వదిలేస్తే దానివల్ల కూడా ఐడిలింగు చెడే బండ్లు ఉన్నాయి. చిల్లు వెతకడానికి కార్బురేటర్ క్లీనరును వేడి ఇంజను మీద చిమ్మే అలవాటు కొందరికి ఉంది, అది అంటుకుంటుంది. సబ్బునీళ్ళు చాలు.

బ్యాటరీ కొత్తగా వేశారు కాబట్టి టెర్మినళ్ళు చేత్తో కదిపితే కదలకూడదు. ఇంజను నడుస్తుండగా మీటరు పెడితే 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా చూపించాలి. ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్తు పట్టీ తుప్పు పట్టి ఉంటే గీకి బిగించండి.

ఇవన్నీ బాగున్నాయని తేలితే త్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి. చేతిలో పని ఉన్నవారికి గంట పని. గాలి గొట్టం విప్పగానే పలక అంచు చుట్టూ నల్లని వలయం కనబడితే మన ఊహ నిజమే. అయితే ఈ పనిని మొరటుగా చేస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే కాబట్టి దగ్గరుండి చేయించండి. త్రాటిల్ బాడీ క్లీనరును మెత్తటి గుడ్డ మీద చిమ్మి, ఆ గుడ్డతో పలకకు రెండు వైపులా, గొట్టం లోపలి గోడకు తుడవాలి. పెట్రోలులో ముంచిన తీగ బ్రష్షుతో రుద్దకూడదు. చాలా కంపెనీలు లోపలి గోడకు, పలక అంచుకు సన్నని పూత వేస్తాయి, అది లేచిపోతే ఐడిలింగు మళ్ళీ కుదరదు. మోటారు రకం పలకను ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలితో నెట్టకూడదు. వేలు నలుగుతుంది, లోపలి ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు విరుగుతాయి. తీగ రకంలో ఐడిల్ వాల్వు విప్పితే దాని కొన మీది మసిని తుడవవచ్చు గానీ, ఆ కొనను బలవంతంగా లోపలికి నొక్కకూడదు, తిప్పకూడదు. పక్కనే గాలిని కొలిచే సెన్సర్ ఉంటే దాని మీద ఈ క్లీనరు పడనివ్వవద్దు. దానికి వేరే క్లీనరు ఉంది. పని చేస్తున్నంతసేపూ ఇంజను చల్లగా ఉండాలి, దగ్గర్లో బీడీ, సిగరెట్టు ఉండకూడదు.

శుభ్రం చేయడంతో పని సగమే అయింది. మసికి అలవాటుపడిన కంప్యూటర్‌కు ఇప్పుడు శుభ్రమైన పలకను మళ్ళీ నేర్పాలి. నేర్పకపోతే ఐడిలింగు 1500కు ఎగబాకడమో, పడుతూ లేస్తూ ఉండడమో జరుగుతుంది. అది చూసి పనే చెడిందని కంగారు పడతారు. ఈ నేర్పే పద్ధతి కంపెనీకీ కంపెనీకీ తేడాగా ఉంటుంది. కొన్ని కార్లకు స్కానర్ నుంచే ఆదేశం ఇవ్వాలి. చాలా కార్లకు మాత్రం లైట్లు, ఏసీ, ఫ్యాను అన్నీ ఆపి, ఆక్సిలరేటర్ ముట్టకుండా, రేడియేటర్ ఫ్యాను ఒకటి రెండుసార్లు తిరిగేదాకా ఖాళీగా నడిపి, ఆ తరువాత ఏసీ వేసి మరికొద్ది నిమిషాలు నడిపితే అదే నేర్చుకుంటుంది. మీ బండికి ఏది వర్తిస్తుందో సర్వీసు పుస్తకం చూసి చేయమని మెకానిక్‌ను అడగండి. రెండు మూడు రోజులు మామూలుగా తిరిగాక కూడా పొద్దున ఆగిపోతే అప్పుడు ఐడిల్ వాల్వునో, పలక మోటారునో అనుమానించాలి.

అంతా అయ్యాక కూడా పంపు మీద అనుమానం మిగిలితే దానికీ పరీక్ష ఉంది. ఇగ్నిషన్ ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెడితే రెండు సెకన్లపాటు గుయ్యిమనే శబ్దం వినబడాలి. అది పంపు తిరుగుతోందని మాత్రమే చెబుతుంది, ఎంత ఒత్తిడితో పంపుతోందో చెప్పదు. ఇలాంటి ఇంజన్లలో పెట్రోలు పైపులో సుమారు 3 బార్ల ఒత్తిడి, కొన్నింట అంతకు కొంచెం ఎక్కువ ఉండాలి. గేజీ పెట్టి ఆ అంకె చూపించిన తరువాతే పంపు మార్చడానికి ఒప్పుకోండి. ఆ పైపును మీరుగా విప్పవద్దు. ఒత్తిడి దించకుండా విప్పితే పెట్రోలు మీద చిమ్ముతుంది. ట్యాంకులోని పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉండే పెట్రోలే కాబట్టి ఎప్పుడూ రిజర్వులో తిప్పే అలవాటు ఉంటే మానుకోండి.

మీ ఉత్తరం చదివే మరికొందరికి ఇలాంటిదే గానీ వేరే తీరు బాధ ఉండవచ్చు. వారికోసం కొన్ని మాటలు. కాలు ఆనించినా నిలబడకుండా, ప్రతిసారీ గడియారం పెట్టినట్టు ఒకటి రెండు సెకన్లకే ఆగిపోతూ, మీటరులో తాళం గుర్తు మినుకుమినుకుమంటుంటే అది ఇమ్మొబిలైజర్, అంటే తాళంచెవిని గుర్తుపట్టకపోతే ఇంజనును ఆపేసే దొంగతనం కాపలా. ఇంట్లో ఉన్న రెండో తాళంచెవితో ప్రయత్నిస్తే సగం సంగతి తేలుతుంది. పొద్దున బాగుండి, మే నెల మధ్యాహ్నం గంటసేపు నడిచాక ఠక్కున ఆగి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండిలో క్రాంకు సెన్సర్‌ను చూడాలి. వేడికి అది మూగబోతుంది. సెల్ఫ్ తిరుగుతున్నా చుట్ల ముల్లు సున్నా దగ్గరే ఉండిపోతే చాలా బండ్లలో అదే గుర్తు. ట్యాంకు నింపిన వెంటనే మాత్రమే ఆగిపోయే బండిలో పెట్రోలు ఆవిరిని ఇంజనుకు వదిలే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదేమో చూడండి. బంకులో గన్ను తనంతట తాను ఆగిన తరువాత కూడా అంచుదాకా కొట్టించుకుంటే, ఆవిరి కోసం పెట్టిన బొగ్గు డబ్బాలోకి పెట్రోలు చేరి ఈ బాధ పుడుతుంది.

పెట్రోలులో నీళ్ళు కలిశాయన్న అనుమానం కూడా చాలామంది రాస్తుంటారు. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో సగటున 10 శాతం ఇథనాల్ కలపడం పూర్తయింది. 2023 నుంచి 20 శాతం కలిపినది రావడం మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఓపిక మించాక నీళ్ళతో కలిసి అడుగున విడిపోతుంది. కాబట్టి నెలల తరబడి కదలకుండా, సగం ట్యాంకుతో నిలిచిపోయిన బండిలో ఈ అనుమానం న్యాయమైనదే. ఒక గాజు సీసాలో కొంత పెట్రోలు తీయించి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర కనబడుతుంది. రోజూ తిరిగే మీ బండిలో, దారిలో బాగా లాగుతుండగా, దీని గురించి బెంగ అక్కరలేదు. సీఎన్‌జీ కిట్టు ఉన్నవారు మాత్రం పెట్రోలును మరిచిపోకూడదు. చాలా కిట్లలో ఇంజను పెట్రోలు మీదే అందుకుని తరువాత గ్యాసుకు మారుతుంది. డీజిల్ బండి ఫిల్టర్ మార్చిన మరునాడే ఇలా ఆగిపోతే పైపులో గాలి మిగిలిందేమో ముందు చూడాలి.

బాగుచేయించేదాకా బండిని ఎలా వాడాలన్నది మీరు అడగలేదు గానీ, నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ దాని గురించే. నడుస్తున్న బండిలో ఇంజను ఆగిపోతే బ్రేకు బూస్టరులో మిగిలిన బలం ఒకటి రెండు నొక్కులకే సరిపోతుంది. ఆ తరువాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. అలాంటప్పుడు బ్రేకును పదే పదే నొక్కి వదలకుండా ఒకేసారి గట్టిగా నొక్కి పట్టాలి. బండి పూర్తిగా ఆగేదాకా తాళంచెవి బయటికి తీయకూడదు, తీస్తే స్టీరింగు లాక్ పడుతుంది. వాలులో కాలు తీసి క్లచ్ నొక్కినప్పుడు ఇంజను ఐడిలింగుకు పడిపోతుంది; మీ బండి ఆగేది సరిగ్గా అక్కడే. కాబట్టి ఈ పని పూర్తయ్యేదాకా రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు గానీ, శ్రీశైలం వెళ్ళే నల్లమల ఘాటు గానీ ఈ బండితో ఎక్కవద్దు. రైలు గేటు దాటేటప్పుడు ఏసీ ఆపి, మొదటి గేరులో, కాలు తీయకుండా దాటండి.

స్కానర్‌లో పొద్దున చూసిన ఆ రెండు వేడి అంకెలూ, ఐడిలింగులో చుట్ల సంఖ్యా, కోడ్లేమైనా ఉంటే అవీ ఒక కాగితం మీద రాసుకుని మెకానిక్‌కు ఇవ్వండి. నాకూ రాసి పంపితే, త్రాటిల్ బాడీ విప్పే ముందే ఇంకేమైనా చూడాలేమో చెబుతాను.